‘అని రాశారు’ సరే, ఎవరు రాశారు?

సందేహం: అయ్యా, మాది ఒంగోలు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. నెట్‌లో ఏదైనా మంచి వ్యాసం కనబడితే ఆ లింకు పెట్టి, కింద నా మాటగా రెండు మూడు వాక్యాలు రాసి పాత స్నేహితులకు వాట్సాప్‌లో పంపుతుంటాను. ఈమధ్య మన పశువుల మీద ఒక వ్యాసం పంపుతూ ఇలా రాశాను: “బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెలోరె అని పిలుస్తారని, అక్కడి పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతివేనట, ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేదని, మనం మాత్రం ఈ జాతిని నిర్లక్ష్యం చేశామని రాశారు.” నెల్లూరులో ఉన్న మిత్రుడు వ్యాసమంతా వెతికి, నిర్లక్ష్యం మాట అందులో ఎక్కడుందని అడిగాడు. ఆ మాటా, జిల్లా సంగతీ నావే. ఇంకొకాయన ‘ట అన్నారు, మీకు నమ్మకం లేదా?’ అన్నాడు. నా వాక్యంలో తప్పేమిటి? ‘అట’ వాడకూడదా?

సమాధానం: మాస్టారూ, వ్యాకరణం దృష్టితో చూస్తే మీ వాక్యంలో ఒక్క అతుకే చెడింది. ‘పిలుస్తారని, ఉండేదని, చేశామని’ అనే వరసలో ‘జాతివేనట’ ఇమడదు, ‘జాతివేనని’ అనాలి. అది చిన్న సంగతి. మీ మిత్రుడు వ్యాసమంతా వెతుక్కోవలసి రావడానికి కారణం వేరే ఉంది. ‘అని’ తనకు ముందున్న మాటలను చివర వచ్చే క్రియకు అప్పగిస్తుంది. ఎన్ని ‘అని’లు పెట్టినా ఆఖర్న ఒక్క ‘రాశారు’ ఉంటే అన్నీ ఆ రాసినాయన ఖాతాలోకే పోతాయి. మీ బాధ కూడా అలాగే ఆయన బాధయిపోయింది.

పైగా మన వాక్యంలో ‘రాశారు’ చివర వస్తుంది. అక్కడిదాకా చదివితే గాని ఈ మాటలు ఎవరివో తెలియదు. పాత కావ్యాల్లో కొటేషన్ గుర్తులు లేవు. తిక్కన భారతంలో ఒకరి మాట ముగిసి మరొకరు అందుకునేచోట ‘అనిన విని’, ‘అనుటయు’ లాంటివే ఆ పని చేస్తాయి. అక్కడ మాట్లాడేది ఎవరో ముందే తెలుసు కనుక చిక్కు రాదు. మీ సందేశంలో మాట్లాడేవాళ్లు ఇద్దరు, వ్యాసకర్తా మీరూ. ఇద్దరికీ కలిపి ఒకే వాక్యం ఇచ్చారు.

అందుకని వ్యాసకర్తను ముందుకు తెండి. ఆయన చెప్పింది అయిపోగానే ఫుల్‌స్టాప్ పెట్టి, మీ మాటకు కొత్త వాక్యం ఎత్తుకోండి. ఈ మధ్య కొందరు ‘వ్యాసకర్త ప్రకారం’ అని మొదలుపెడుతున్నారు. చట్టం ప్రకారం, లెక్క ప్రకారం, పంచాంగం ప్రకారం అంటాం. మనిషి ప్రకారం అంటే నా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వ్యాసకర్త చెప్పేదేమంటే’ అనండి, సరిపోతుంది.

ఇదే దారిలో ఇంకో గొయ్యి ఉంది. మీరు పడలేదు గాని చాలామంది పడుతున్నారు. “నేను బ్రెజిల్ వెళ్లి ఆ మందలు చూశానని రాశారు” అని ఒకరు పంపితే, బ్రెజిల్ వెళ్లింది ఎవరు? పంపినవారా, వ్యాసకర్తా? తెలుగులో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది: “తాను బ్రెజిల్ వెళ్లి ఆ మందలు చూశానని రాశారు.” సర్వనామం ‘తాను’, క్రియ మాత్రం ‘చూశాను’. ఈ రెండూ పొసగలేదనుకుని ‘తాను చూశారని’ అని దిద్దేవాళ్లున్నారు. దిద్దకండి. ‘చూశారని రాశారు’ అంటే చూసినవారు వేరు, రాసినవారు వేరు అనిపిస్తుంది. ‘చూశానని రాశారు’ అంటే ఇద్దరూ ఒకరే. ‘తాను’ తీసేసినా ఆ క్రియ ఒక్కటే ఆ సంగతి చెప్పేస్తుంది.

ఇక ‘అట’. నిరభ్యంతరంగా వాడవచ్చు. ఇది నేను కళ్లారా చూసింది కాదు, విన్నదో చదివిందో అని ఒక్క ముక్కలో చెప్పే సదుపాయం అది. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అన్నప్పుడు ఆ రాజు మీద మనకు అనుమానమేమీ లేదు. ‘రాత్రి నేను నిద్రలో మాట్లాడానట’ అంటాం. మాట్లాడింది నేనే, కాని నాకు తెలియదు, పొద్దున ఇంట్లోవాళ్లు చెబితే తెలిసింది. అదే ‘అట’ను ‘ఆయనకు తీరిక లేదట!’ అన్నామంటే దెప్పుడు. తేడా అంతా గొంతులోనే ఉంది. రాతలో ఆ గొంతు వినపడదు కనుక చదివేవాళ్లు తమకు తోచినట్టు చదువుకుంటారు. మీ వాక్యంలో ముందూ వెనకా ‘అని’లు ఉండి నడుమ ఒక్కదానికే ‘ట’ తగిలింది. దానితో ఆ ఒక్క సంగతే మీకు నమ్మబుద్ధి కాలేదన్నట్టు వచ్చింది. ఆ రెండో ఆయన వెటకారం చేయలేదు, ఉన్నది ఉన్నట్టే చదివారు.

అలాగని ప్రతి వాక్యానికీ ‘అట’ పెట్టినా చిక్కే. నాలుగైదు ‘అట’లు వరసగా వస్తే మూలాన్ని వెక్కిరిస్తున్నట్టుంటుంది. ఈ మాట ఎవరిదో చెప్పేశాక ఒకసారి ‘అట’ అంటే చాలు. నిజంగానే సందేహం ఉంటే ‘నాకు నమ్మశక్యంగా లేదు’ అని విడిగా రాయండి, ‘ట’ చాటున దాక్కోవడం ఎందుకు? నెల్లూరు వైపూ మీ వైపూ నోట వచ్చేది ‘వచ్చాడంట, కొన్నాడంట’. స్నేహితులకు అలాగే రాయండి. పత్రికకు పంపేటప్పుడు ‘అట’ చేస్తే సరి.

‘రాశారు’ బదులు కొందరు వేసే బరువైన మాటలు మీకు అక్కర్లేదు. ‘వెల్లడించారు’ అంటే దాగి ఉన్నదేదో బయటపెట్టారని. నెలోరె సంగతి దాగి ఉన్నదేం కాదు. ‘అభిప్రాయపడ్డారు’ అంటే అది ఆయన ఊహ, కాదనవచ్చు అని. ‘పేర్కొన్నారు’ ఏమీ చెప్పదు.

తనదీ పరాయిదీ కలిపి రాసినవారు లేరా అంటే, మీ దగ్గరే ఉన్నారు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన, నన్నయ సగంలో వదిలిన అరణ్యపర్వాన్ని పూర్తిచేశాడు. నన్నయే రాస్తున్నట్టు రాజరాజనరేంద్రుణ్ణే సంబోధిస్తూ రాశాడు. కాని పర్వం చివర పద్యంలో, ‘తత్కవితారీతియుఁ గొంత దోఁప’, అంటే నన్నయ కవితా ధోరణి కూడా కొంత కనబడేలా, శేషాన్ని పూరించింది ఎఱ్ఱన అని తేల్చి చెప్పాడు. గొంతు కలపడం ఆయన కోరి చేసిన పని, మీ సందేశంలో అది చూసుకోక జరిగింది.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: “ఈ వ్యాసకర్త చెప్పేదేమంటే, బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెలోరె అంటారు. అక్కడి పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతివో దీని సంకరాలోనట. ఆ పేరులో నెల్లూరు ఎందుకుందంటే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇది వ్యాసంలో లేదు, నేను చేరుస్తున్నాను. మనం మాత్రం ఈ జాతిని నిర్లక్ష్యం చేశామని నాకనిపిస్తుంది.”

జిల్లా సంగతి మీకు తెలిసిందే కనుక దానికి ‘అట’ లేదు. చివరి వాక్యం మీద మీ నెల్లూరు మిత్రుడికి పేచీ ఉంటే ఇక వ్యాసంలో వెతకరు, నేరుగా మీకే ఫోన్ చేస్తారు.