అత్తిలికి సొంత ఎమ్మెల్యే ఎందుకు లేరు?

అసలు అత్తిలి పేరుతో నియోజకవర్గమే ఇప్పుడు లేదు. 2001 జనాభా లెక్కలను బట్టి 2008లో చేసిన పునర్విభజనలో పశ్చిమ గోదావరి సీట్లు 16 నుంచి 15కి తగ్గాయి. అత్తిలి, పెనుగొండ పోయి నిడదవోలు వచ్చింది. అత్తిలి మండలం తణుకులో, పెనుగొండ మండలం ఆచంటలో కలిశాయి. కాబట్టి అత్తిలి వాళ్లకు ఎమ్మెల్యే అంటే తణుకు ఎమ్మెల్యేనే.

నాయకులు మాత్రం ఖాళీగా కూర్చోలేదు. తమాషా ఏమిటంటే, 2004లో అత్తిలిలో గెలిచిన చెరుకువాడ శ్రీరంగనాథరాజు, పెనుగొండలో గెలిచిన పితాని సత్యనారాయణ చివరికి ఒకే సీటు కోసం తలపడ్డారు. ఆచంటలో పితాని 2009, 2014ల్లో గెలిచారు. 2019లో రాజుగారు ఆయన్ని ఓడించి గృహనిర్మాణ మంత్రి కూడా అయ్యారు. 2024లో మళ్లీ పితానిదే గెలుపు.