గురువారం రాత్రి బిల్లు

“అక్కా, డల్లాస్ వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో మనవాళ్ళు బాగానే కలిశారు. ఇబ్బందల్లా వారం చివరికొచ్చేసరికే. గురువారం ప్రీమియర్ అంటారు, శుక్రవారం డిన్నర్ అంటారు. వెళ్తే జేబు ఖాళీ. వెళ్ళకపోతే ‘వీడు ఎవరితోనూ కలవడు’ అనుకుంటారేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?”

వెళ్ళమంటాను తమ్ముడూ. మొదటి ఏడాదంతా గదిలో కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేసుకుంటూ గడిపేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకదాన్నే. కాకపోతే ఇక్కడ బిర్యానీకి అయ్యే ఖర్చు కన్నా మొహమాటానికి అయ్యే ఖర్చు ఎక్కువ. మొన్న గురువారం మా సంగతే చెప్తాను విను.

ఏడుగురం పెద్ద హీరో సినిమాకి బయల్దేరాం. ఇక్కడ గురువారం సాయంత్రం ఏడంటే వేసవి టైము ప్రకారం హైదరాబాదులో శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. అక్కడ జనం కాఫీ తాగేసరికి మనం సినిమా చూసి చెల్లెలికి ఫోన్ చేసి కథ చెప్పి తిట్లు తినొచ్చు. ఆ సరదాకే ప్రీమియర్ రేటు. టికెట్ ఇరవై డాలర్లు, పెద్ద సినిమా అయితే పాతిక దాటుతుంది. ఏడాదికి రెండు మూడు చూడు, నీ హీరోవి. మిగతావాటికి ‘నేను మంగళవారం వస్తా’ అని గ్రూపులో పెట్టు. చాలా థియేటర్లలో ఆ రోజు తగ్గింపు ఉంటుంది, మన సినిమాకి వర్తిస్తుందో లేదో యాప్‌లో చూసుకో. నీతో పాటు ఇంకో ఇద్దరు తేలతారు. వాళ్ళూ ఆ మాట ఇంకెవరైనా ముందు అంటే బాగుండునని చూస్తుంటారు.

హీరో తెర మీదికి వచ్చినప్పుడు ఈల వెయ్యి, తప్పు లేదు. కాగితాలు మాత్రం చల్లకు. కొన్నేళ్ళ క్రితం మా ఆటలో అలా చల్లితే లైట్లేసి ఇరవై నిమిషాలు ఆపేశారు. ఆ కాగితాలు ఊడ్చింది కాలేజీ చదువుకుంటూ అక్కడ పనిచేసే పిల్లాడు. అప్పుడు మా అందరి తలలూ వంగిపోయాయి.

ఇంతకీ సినిమా ఎలా ఉందంటావా? మొదటి సగంలో ఊరంతా ఉంది, రెండో సగంలో హీరో ఒక్కడే మిగిలాడు. అంతే.

బయటికొచ్చేసరికి పదిన్నర. ఇర్వింగ్‌లో మెకార్థర్ బులవర్డ్ మీద మన హోటళ్ళకి కొదవ లేదు, తెరిచి ఉన్నదాంట్లో దూరాం. నీళ్ళు అడక్కుండానే గ్లాసు నిండా ఐసు వేసి తెస్తారు, వద్దనుకుంటే ముందే ‘నో ఐస్’ అను. కారం ఎంత కావాలని అడుగుతారు. మీడియం అన్నావంటే గోంగూర మటన్ కూడా పిల్లల ఫారెక్స్‌లా వస్తుంది.

మా ఏడుగురిలో ఒక కుర్రాడు ఇండియా నుంచి వచ్చి రెండు నెలలే. శాకాహారి. మిగతా ఆరుగురం మండి, చేపల వేపుడు, బిర్యానీ అంటూ బల్ల నింపేస్తే, అతను ఒక దోసె తిని ఊరుకున్నాడు. బిల్లు రాగానే మామూలు నాటకం మొదలు. నేనిస్తానంటే నేనిస్తానని ఇద్దరు ఫోల్డర్ పట్టుకుని లాక్కున్నారు. గెలిచినవాడు గెలిచిన ఊపులో కార్డు ఇచ్చేసి, స్లిప్పు మీద 20 శాతం టిప్పు రాసి సంతకం పెట్టేశాడు. లెక్క బయటపడింది ఇంటికెళ్ళాక, ఖర్చు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కిస్తున్నప్పుడు.

తిండికి 168 డాలర్లు. ఇక్కడి అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 13.86. దాని కింద చిన్న అక్షరాల్లో ‘గ్రాట్యుటీ’ అని 30.24. ఆరుగురు, అంతకు మించి ఉన్న బల్లలకి చాలా హోటళ్ళు 18 శాతం టిప్పు వాళ్ళే వేసేస్తారు. మొత్తం 212.10. మావాడు దాని మీద మళ్ళీ 42 డాలర్లు రాశాడు. తలకి ఆరు డాలర్లు ఊరికే పోయాయి. ‘పోనీలే అక్కా, ఆరేగా’ అన్నాడు. ఆరే. కానీ దోసె తిన్న కుర్రాడి వాటా 36 డాలర్లు దాటింది, అతను నోరెత్తలేదు. పొద్దున్నే నేనే హోటల్‌కి ఫోన్ చేశాను. రశీదు చూసి ఆ 42 వెనక్కి వేశారు, ఒక్క మాట కూడా అనలేదు.

అందుకని, గుంపుగా వెళ్ళినప్పుడు టిప్పు గీత దగ్గర పెన్ను పెట్టేముందు పైనుంచి కిందిదాకా చదువు. విడి బిల్లులు కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. అంతా అయ్యాక అడిగితే సర్వర్ మొహం మాడిపోతుంది, అది న్యాయమే. ఒకే బిల్లు అయితే ‘నేను నా దోసె వరకే వేసుకుంటా’ అని నవ్వుతూ అనెయ్. మనవాళ్ళకి అదేం తప్పుగా తోచదు. తోస్తే తోచనీ.

టిప్పు ఎందుకివ్వాలని కొత్తవాళ్ళందరూ వాదిస్తారు. నేనూ వాదించాను. టెక్సాస్‌లో టిప్పు తీసుకునే సర్వర్‌కి యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చాలు. ఆ అంకె ఫెడరల్ చట్టంలో 1991 నుంచి కదల్లేదు. టిప్పులతో కలిపి 7.25 రాకపోతేనే మిగతాది యజమాని పూడ్చాలి. కాబట్టి కూర్చుని తిన్నప్పుడు పన్ను కలపకముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇచ్చెయ్. కౌంటర్ దగ్గర సమోసా పొట్లం తీసుకుంటే కూడా తెర తిప్పి 18, 20, 25 చూపిస్తారు. అక్కడ ఏమీ నొక్కకపోయినా ఎవరూ ఏమనుకోరు. మిగిలినదానికి ‘టు గో బాక్స్’ అడగడానికి కూడా సిగ్గుపడకు. డాక్టర్లూ ప్రొఫెసర్లూ పట్టుకెళ్తారు.

మందు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. తాగినవాడి కారు ఎక్కకు, తాగి స్టీరింగ్ పట్టుకోకు. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే కేసు. శిక్ష పడకపోయినా అరెస్టు ఒక్కటి చాలు, వీసా రద్దు చేయగలరు. ఊబర్‌కి పాతిక డాలర్లయినా చవకే. వయసు రుజువు కోసం అసలు పాస్‌పోర్టు జేబులో పెట్టుకు తిరగకు, టెక్సాస్ ఐడీ తీసుకో.

ఆ రాత్రి సినిమా గురించి మాట్లాడుకున్నది పది నిమిషాలే. మిగతా గంటా నా సంచిలో ఉన్న పుస్తకం చుట్టూ తిరిగింది. పాత తెలుగు కథల సంపుటం. అసలు అట్ట తీసేసి ఆకుపచ్చ గట్టి అట్ట వేసి, లోపల ఒక యూనివర్సిటీ లైబ్రరీ ముద్ర. చివరి పేజీలో గడువు చీటీ మీద రెండే తేదీలు, 1974, 1991. ఆ తర్వాత నేనే. ఇది ఇక్కడికెలా వచ్చిందని ఆ కుర్రాడే అడిగాడు. పెద్దవాళ్ళు పీఎల్ 480 గోధుమలని చెప్పుకుంటారు చూడు, ఆ అమెరికా గోధుమలకి మన ప్రభుత్వం రూపాయల్లో కట్టిన డబ్బుతోనే 1962 నుంచి ఇక్కడి యూనివర్సిటీలకి భారతీయ భాషల పుస్తకాలు కొన్నారు. మాడిసన్, షికాగో, బర్క్‌లీ, ఆస్టిన్‌లలో తెలుగు పుస్తకాలు అరలకొద్దీ ఉన్నాయి.

నీకూ వస్తాయి. అపార్ట్‌మెంట్ లీజు కాగితం, ఫొటో ఐడీ పట్టుకెళ్తే ఊరి లైబ్రరీ కార్డు ఊరికే ఇస్తారు. ఆ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఇంగ్లీషు పుస్తకాలు ఫోన్లోనే చదువుకోవచ్చు. తెలుగుకి ఇంటర్‌లైబ్రరీ లోన్ అడుగు, వేరే యూనివర్సిటీ నుంచి తెప్పిస్తారు. వెతకడంలో ఒక కిటుకుంది. కేటలాగులో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కానీ మనం వాట్సాప్‌లో కొట్టినట్టు ఉండవు. దీర్ఘానికి రెండు ‘ఏ’లు పెట్టరు, ఒక్కటే. ‘చ’కి సి, హెచ్ కాదు, ఒట్టి సి. ‘చరిత్ర’ అని సి, హెచ్‌తో వెతికి వెతికి లేదనుకున్నాను, సి ఒక్కటే కొట్టేసరికి బోలెడు దొరికాయి. చదివేవాళ్ళు కలవాలంటే ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ళు నెల నెలా తెలుగు వెన్నెల అని సాహిత్య సభ పెడతారు. అక్కడ బిల్లు గొడవ ఉండదు.

ఇంకోటి, సోమవారం ఆఫీసులో ‘వీకెండ్ ఎలా గడిచింది’ అని అమెరికన్లు అడిగితే గుడ్ అని తల దించుకోకు. ఒక సినిమా చూశాననో, గోధుమల డబ్బుతో వచ్చిన పుస్తకం చదివాననో రెండు వాక్యాలు చెప్పు. నాకు మధ్యాహ్నం భోజనానికి తోడు దొరికింది అలాగే.

దోసె కుర్రాడు ఆ పుస్తకం అడిగి తీసుకెళ్ళాడు. కార్డు నాది, జరిమానా పడితే నాకే. 28వ తేదీ లోపల తెచ్చివ్వాలని చెప్పాను, మొహమాటపడకుండా.