మాయాఖడ్గం సరే, మాయాకత్తి?

సందేహం: పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో రాకుమారికి ‘తమోహరం’ అనే కత్తి దొరుకుతుంది. దాన్ని ‘దివ్యాస్త్రం’ అని రాస్తే, చదివిన మిత్రురాలు ‘కత్తి అస్త్రం ఎలా అవుతుంది?’ అంది. ‘మాయాకత్తి’ అన్నదీ తప్పేనట. ఇంకొకటి. మా అబ్బాయికి ఇంగ్లిష్ ఫాంటసీ కథలు తెలుగులో చెబుతుంటాను. వాటిలో ఆయుధాలకు పేర్లుంటాయి కదా, వాటిని అనువదించాలా, అలాగే ఉంచాలా? థోర్ సుత్తి అనగానే వాడు పడీపడీ నవ్వుతున్నాడు. చివరిగా, నా కత్తి మాట్లాడుతుంది. ‘అంది’ అని రాయాలా, ‘అన్నాడు’ అని రాయాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రురాలు గట్టిగానే పట్టుకున్నారు. చేతిలో ఉండి నరికేది శస్త్రం, చెయ్యి వదిలి వెళ్లి తగిలేది అస్త్రం. ‘అస్’ అనే ధాతువుకు విసరడమని అర్థం, ‘శస్’ అనేదానికి కోయడం, హింసించడం అని. డాక్టర్లు చేసేది శస్త్రచికిత్స అయింది అందుకే. (దాన్ని ‘శాస్త్రచికిత్స’ అని రాసిన బోర్డులు నేను చూశాను. లోపల శాస్త్రప్రకారమే చేస్తారని సరిపెట్టుకున్నాను.) పాత ధనుర్వేద సంప్రదాయం ఇంకా సూక్ష్మంగా విడదీసింది. చక్రంలా విసిరేది ముక్తం, కత్తిలా చేతిలోనే ఉండేది అముక్తం, ఈటెలా పొడవడానికీ విసరడానికీ పనికొచ్చేది ముక్తాముక్తం, బాణంలా ఒక సాధనం నుంచి వెలువడేది యంత్రముక్తం.

ఇతిహాసాల్లో అయితే అస్త్రమన్నది అసలు వస్తువే కాదు, దానిలోకి ఆవాహన చేసిన మంత్రశక్తి. సుందరకాండలో కాకాసురుడి కథ గుర్తు చేసుకోండి. సీతమ్మను పొడిచిన కాకి మీదికి రాముడు పంపింది విల్లూ కాదు, బాణమూ కాదు. పడక మీది దర్భ ఒకటి లాగి బ్రహ్మాస్త్రంగా అభిమంత్రించి వదిలాడు. ముల్లోకాలూ తిరిగినా ఆ కాకికి దిక్కు దొరకలేదు. అంటే గడ్డిపోచ అస్త్రం కాగలదు. వజ్రాలు పొదిగిన కత్తి మాత్రం చేతిలో ఉన్నంతసేపూ శస్త్రమే.

‘సమ్మె కార్మికుల ఆఖరి అస్త్రం’ అని పేపర్లు రోజూ రాస్తూనే ఉన్నాయి కదా అంటారేమో. అది లాక్షణిక ప్రయోగం, అందులో దోషం లేదు. మీ కథ సంగతి వేరు. అందులో నిజంగానే యుద్ధం జరుగుతుంది. ఒకరు బాణం వేస్తారు, ఇంకొకరు కత్తి దూస్తారు. అక్కడ తేడా పాటిస్తే చదివే పిల్లవాడి కంటికి దృశ్యం స్పష్టంగా కడుతుంది. తమోహరాన్ని ‘దివ్యఖడ్గం’ అనండి, లేదా రెండు రకాలకీ చెల్లే ‘దివ్యాయుధం’ అనండి.

ఇక మాయాకత్తి. సంస్కృతంలో ‘మాయా’ దీర్ఘాంతం. సంస్కృత పదంతో సమాసమైతే ఆ దీర్ఘం నిలుస్తుంది. తెలుగులోకి విడిగా వస్తే కురచబడి ‘మాయ’ అవుతుంది. సీతాపతి అంటాం గానీ సీతాఅమ్మ అనం కదా, సీతమ్మే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ల పేర్లు చూడండి: జ్వాలాద్వీపం, మాయాసరోవరం. రెండు పక్కలా సంస్కృతమే కాబట్టి దీర్ఘం ఉంది. ఆయనే ‘రాకాసిలోయ’ అనీ పెట్టారు. అక్కడ ‘రాక్షస’ తద్భవమై ‘లోయ’తో హాయిగా కలిసిపోయింది. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు మాయలఫకీరు, మాయాఫకీరు కాదు. కాబట్టి మాయాఖడ్గం ఒప్పే, మాయకత్తి ఒప్పే, ‘మాయల కత్తి’ ఇంకా అందం. మాయాకత్తి దగ్గరే తంటా.

మరి 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మాటేమిటని మీరు అడగకముందే నేనే ఒప్పుకుంటున్నాను. బజారు సంస్కృతం కాదు. ఈ లెక్కన అది మాయబజారే కావాలి. కానీ తరతరాల ప్రేక్షకులు ఆమోదించిన పేరును సరిదిద్దబోతే నవ్వులపాలయ్యేది నేనే. వాడుక గెలిచినచోట వ్యాకరణం పక్కకు తప్పుకోవాలి. మీ మాయాకత్తికి ఇంకా అంత బలం రాలేదు.

కత్తా, ఖడ్గమా అన్నది మాత్రం సందర్భాన్ని బట్టి ఉంటుంది. కత్తి అంటే వంటింటి కత్తిపీట నుంచి కత్తిసాము దాకా అన్నీ తోస్తాయి. ఖడ్గం అంటే రణరంగమే. నెల్లూరు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన అయ్యాడు గానీ కత్తి తిక్కన కాలేదు. అలాగని పేజీకి పది ఖడ్గాలు పెడితే పిల్లలు పుస్తకం మూసేస్తారు. పేరు పెట్టేచోట ఖడ్గం అనండి, పోట్లాడేచోట కత్తి అనండి. కత్తికి ఉండే ఒర, పిడి, వాదర అన్న మాటలు ఎలాగూ మన దగ్గరున్నాయి. ‘వాదర’ అంటే పదునైన అంచు. ఈమధ్య బొత్తిగా వినబడడం లేదు. మీరైనా వాడండి.

పరభాషల పేర్ల విషయానికొస్తే, ఈ చిక్కు ముందే ఊహించినవాడు ఇంగ్లిష్ ఫాంటసీ రచయిత టోల్కీన్. 1954–55లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను ఇతర భాషల్లోకి తెస్తున్నవాళ్ల కోసం ఆయన పేర్ల మీద ప్రత్యేకంగా సూచనలు రాసిపెట్టాడు. సారాంశం ఏమిటంటే, ఇంగ్లిష్‌లో అర్థం తెలిసే పేర్లను అర్థాన్ని బట్టి మార్చండి, తాను కల్పించిన భాషల్లోని పేర్లను ముట్టుకోకండి. ఇంతకంటే మంచి సూత్రం నాకు తట్టలేదు. ఆ నవలలోని ఒక కత్తి పేరు ‘ఆండురిల్’. అది ఎల్ఫులనే కల్పిత జాతి భాషలో మాట, పడమటి జ్వాల అని దాని అర్థం. దాన్ని అలాగే ఉంచి, అర్థం ఒకసారి చెబితే చాలు. రావణుడి కత్తి ‘చంద్రహాసం’ అంటే చంద్రుడి నవ్వని చెప్పి ముందుకు సాగిపోమూ? అలాగే.

‘స్టింగ్’ అలా కాదు. టోల్కీన్‌దే 1937 నాటి ‘ది హాబిట్’లో కథానాయకుడు బిల్బో చీకట్లో ఒంటరిగా పెద్ద సాలీడును చంపి, ఆ ధైర్యంలో తన చిన్న కత్తికి తానే పెట్టుకున్న పేరది. తర్వాత మిగతా సాలీళ్లు ఆ కత్తిని చూస్తేనే జంకుతాయి. ఈ పేరు వినగానే అర్థం కావాలి. ‘కాటు’ అందామంటే పాము గుర్తొస్తుంది, ‘ముల్లు’ అంటే తుమ్మచెట్టు. నేనైతే ‘కొండి’ అంటాను. తేలుకు తోక చివర ఉండేది. చిన్నదే, కానీ దాని జోలికెళ్లిన వాళ్లకు తెలుస్తుంది. పొట్టి బిల్బోకీ సరిపోతుంది.

ఆర్థర్ రాజు కత్తి ‘ఎక్స్‌కాలిబర్’ను మాత్రం కదపకండి. వేల్స్ కథల్లో అది కలెద్‌వుల్ఖ్. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లి కాలిబుర్నుస్ అయింది, ఫ్రెంచి కథల్లో ఎస్కాలిబోర్ అయింది, అక్కడి నుంచి ఇంగ్లిష్‌కు ఇలా చేరింది. ఒక్కో నోటా ఒక్కో రకంగా అరిగిన పేరు. 1485లో అచ్చయిన మాలొరీ గ్రంథంలో దానికి ‘ఉక్కును కోసేది’ అని అర్థం చెప్పిస్తారు. అదే పుస్తకంలో మాంత్రికుడు మెర్లిన్ ఆర్థర్ రాజుతో, కత్తి కంటే దాని ఒర పదింతలు విలువైనది, అది ఒంటి మీద ఉన్నంతకాలం నెత్తురు చుక్క పోదని చెబుతాడు. మీ అబ్బాయికి ఒర అన్న మాట నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఇక థోర్ సుత్తి. మీ అబ్బాయి నవ్వడంలో వాడి తప్పు లేదు. 1982లో వచ్చిన జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ తర్వాత తెలుగునాట సుత్తి అంటే విసిగించే వాగుడే. ఆ సినిమాతోనే ఇద్దరు నటులకు సుత్తి ఇంటిపేరైపోయింది. ఉరుముల దేవుడు సుత్తి ఎత్తాడంటే ఎవరైనా చెవులే మూసుకుంటారు! ‘సమ్మెట’ అనండి. ఐస్‌లాండ్‌వాళ్ల పురాణగ్రంథం ఎడ్డాలో మరుగుజ్జు కమ్మరులు మ్యోల్నిర్ అనే ఈ సమ్మెటను కొలిమిలో చేస్తుంటే, లోకీ అనే కొంటె దేవుడు ఈగ రూపంలో వచ్చి తిత్తులు ఊదేవాడి కనురెప్ప మీద కుడతాడు. వాడు ఒక్క క్షణం చెయ్యి తీసి ఈగను తోలుకున్నాడు, అంతే, పిడి పొట్టిదైపోయింది. కొలిమి, తిత్తి, సమ్మెట, అన్నీ ఒక ఇంటి మాటలే. సమ్మెటను రెండు చేతులతో ఎత్తాలి, దీని పిడేమో పొట్టి కదా అని ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, బరువును బట్టి అన్నామని చెప్పండి. అన్నట్టు, విసిరితే తగిలి మళ్లీ చేతికొస్తుంది కాబట్టి మీరు అస్త్రం అన్న మాట వాడుకోదలిస్తే ఇక్కడ నిశ్చింతగా వాడుకోవచ్చు.

చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది. మామూలుగా కత్తి ‘అది’, కాబట్టి ‘అంది’ అనాలి. కానీ మీ కథానాయిక అమ్మాయి. రాసి చూడండి: ‘వెనక్కి తిరుగు’ అంది. ‘ఎందుకు?’ అంది. ఎవరు ఎవరితో అన్నట్టు? తెలుగులో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒకటే కావడంతో వచ్చిన ఇబ్బంది ఇది. దీనికి విరుగుడు మన సంప్రదాయంలోనే ఉంది. విష్ణువు కత్తి నందకం. దానికి ప్రాణం పోసి మనిషిగా చూడాలంటే నందకుడు అనేస్తాం, ‘ము’ పోయి ‘డు’ వస్తుంది. అన్నమాచార్యుల్ని నందకాంశతో పుట్టినవాడంటారు. సుదర్శనమూ అంతే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో చక్రస్నానం జరిగేది ఆ చక్రానికే, పిలవడం మాత్రం చక్రత్తాళ్వార్ అని. మీ కత్తి గోడకు వేలాడుతున్నంతసేపూ తమోహరమే. నోరు విప్పిన వాక్యం నుంచి తమోహరుడు అని రాసి, ‘అన్నాడు’ అనండి.