మేనకోడలికి, ఆఫీసు తెరిచే ముందు

దేవరకొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

బిడ్డా, నల్లగొండ రామగిరిలో అద్దెకు తీసుకొని పదిమందితో అమెరికా డాక్టర్ల మెడికల్ బిల్లింగ్ ఆఫీసు, అంటే వాళ్ల బిల్లులు ఇన్సూరెన్స్‌కు పంపే ఆఫీసు, పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కుర్చీలు, ఇన్వర్టర్, నెట్ అన్నీ చూసుకున్నావట. మరి రోగుల వివరాల సంగతేంటి అని అడిగితే "యాంటీవైరస్ వేయించింది కదా" అంది. అందుకే ఈ ఉత్తరం.

నేను హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసిన రోజుల్లో, డాక్టరు చెప్పింది విని టైపు చేసి, తప్పులు దిద్దడానికి ప్రింటు తీసేవాళ్లం. ఒక సాయంత్రం ఆఫీసు కింద బండి మీద మిరపకాయ బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే నూనె మరకల కింద మా ప్రింటే ఉంది. ఎక్కడో ఒహాయోలో ఉండే ముసలామె పేరు, పుట్టిన తేదీ, ఆమె గర్భసంచి ఆపరేషన్ వివరాలు. ఆఫీస్ బాయ్ చిత్తుకాగితాలను కిలోల లెక్కన అమ్మేశాడు. బండి మీదున్న కట్ట మొత్తం కొనుక్కొని పైకి పోయాను. అందరూ ఆ పిల్లగాడినే తిట్టారు. కాగితాలు ముక్కలు చేసే మిషన్ కావాలని అడగనిది మాత్రం మేమే.

ఇప్పుడు ఆ పొట్లం పని వాట్సాప్ చేస్తోంది. క్లెయిమ్ డినై అయింది, అంటే ఇన్సూరెన్స్‌వాళ్లు బిల్లు తిప్పికొట్టారనుకో, కొత్తగా చేరిన అమ్మాయి స్క్రీన్ ఫోటో తీసి "అక్కా, ఈ కోడ్ ఏంది?" అని గ్రూపులో పెడుతుంది. అది పదిమంది ఫోన్లలోకి, అక్కడి నుంచి వాళ్ల గూగుల్ ఫోటోస్‌లోకి పోతుంది. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ నువ్వు దాన్ని వెనక్కి తెచ్చుకోలేవు. బోర్డు రాసి పెడితే ఇది ఆగదు. డౌట్ అడగడానికి ఆఫీసు సిస్టమ్‌లోనే చాట్ పెట్టు. రాత్రి షిఫ్టులో జవాబివ్వడానికి ఒక సీనియర్‌ను కూర్చోబెట్టు. పది నిమిషాల్లో జవాబు రాకపోతే మళ్లీ ఫోనే తీస్తారు. ఫోన్లు లాకర్లో పెట్టించు, కానీ ఇంటివాళ్లు చేయడానికి ఆఫీసు నంబర్ ఒకటి ఇవ్వు. ఆడపిల్ల రాత్రి డ్యూటీకి పోతే తల్లికి టెన్షన్ ఉండదా?

నీకు పని ఇచ్చేది డాక్టరు కాదు, మధ్యలో ఉన్న కంపెనీ. ముందు వాళ్లను ఒకటి అడుగు: పని ఇండియాకు వస్తోందని ఆ డాక్టరుకు తెలుసా? జవాబు రాతలో తీసుకో. పేదల కోసం ఉన్న మెడికెయిడ్ పథకంలో రోగుల వివరాలు దేశం దాటించవద్దని అక్కడి కొన్ని రాష్ట్రాలు నిబంధన పెట్టుకున్నాయి. ఆ ఫైళ్లు నీ దాకా రాకుండా వాళ్లే ఆపాలి.

రోగుల వివరాల గోప్యత కోసం అమెరికాలో ఉన్న 1996 నాటి హిపా చట్టం కింద బిజినెస్ అసోసియేట్ ఒప్పందం కూడా రాసుకోవాలి, అంటే వాళ్ల తరఫున ఆ వివరాలు చూసే నువ్వు వాటిని కాపాడతానని రాసిచ్చే కాగితం. వివరాలు బయటికి పోతే ఎన్ని రోజుల్లో చెప్పాలో అందులో చూడు. చట్టం ఇచ్చిన చివరి గడువు 60 రోజులైనా, ఒప్పందాల్లో తరచూ అంతకంటే తక్కువే రాస్తారు. మన దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం మాత్రం తెలిసిన 6 గంటల్లోపు ఆ సంస్థకు రిపోర్ట్ చేయాలి. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే రాసి గోడకు అంటించు.

"విదేశీయుల డేటాకు మన 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు" అని ఎవరైనా చెబితే సగమే నమ్ము. బయటి కంపెనీతో ఒప్పందం మీద అక్కడివాళ్ల వివరాలు చూసే మనలాంటివాళ్లకు అందులో చాలా మినహాయింపులు ఉన్న మాట నిజమే. డేటాను భద్రంగా ఉంచే బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు. చట్టం అమలును విడతలుగా పెట్టారు గానీ, ఆ బాధ్యత తప్పితే జరిమానా 250 కోట్ల దాకా రాశారు. నీ మీద అంత వేస్తారని కాదు. ఆఫీసు అడ్వాన్సుకు ఎంత తిప్పలు పడ్డావో తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఫైళ్లు మీ కంప్యూటర్లలోకి దించుకోవద్దు. రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే ఇక్కడి నుంచే వాళ్ల సర్వర్ తెరిచి, దాని మీదే పని చేయండి. కాపీ, ప్రింట్, పెన్‌డ్రైవ్ అన్నీ బంద్. ఎవరి లాగిన్ వాళ్లదే, మానేసిన రోజే తీసేయించాలి. మన ఆధార్ లాగా అక్కడివాళ్లకుండే సోషల్ సెక్యూరిటీ నంబర్లు బిల్లుకు అక్కరలేకపోతే అసలు పంపొద్దను.

అసలు కష్టం మనవాళ్లతో. బావ స్నేహితులు ఆఫీసు చూద్దామని వస్తారు. మీ తమ్ముడు నీ సిస్టమ్‌లో అప్లికేషన్ నింపుకుంటానంటాడు. వద్దంటే మన దగ్గర పొగరు అంటారు. అయినా వద్దను. "మామ ఒప్పుకోడు" అని నా మీద వెయ్యి.

ట్రైనింగ్‌లో సెక్షన్లు చదివించకు. ఇంట్లో సంబంధం చూస్తున్నప్పుడు, అక్కకు ఫిట్స్ వస్తాయని ల్యాబ్ పిల్లగాడు వీధిలో చెబితే ఎట్లుంటదో అడుగు. నీ దగ్గర చేరేవాళ్ల ఆధార్ కూడా మాస్క్‌డ్‌దే తీసుకో, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ఆదివారం నల్లగొండ వస్తున్నాను. ఒప్పందం కాగితాలు తీసి ఉంచు. ముందే చూస్తానని వాట్సాప్‌లో మాత్రం పంపకు.

మీ మామ