ఇల్లు కొనేముందు ఏసీ, హీటింగ్ ఇలా చూడు

చిరంజీవి రఘుకి,

ఏసీ వేస్తే చల్లగా ఉంది, హీటింగ్ కూడా బాగానే పనిచేస్తోంది అని రాశావు. ఇల్లు అమ్మేవాళ్లు ఆ రెండూ ఎలాగూ చూపిస్తారు. పొగ, నీళ్లు ఎటు పోతున్నాయి, కరెంటు ఎలా వస్తోంది అన్నవి మాత్రం నువ్వే అడిగి చూడాలి.

ముందు పొగ సంగతి. గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ మంటతో ఇంటిని వెచ్చబరిచే మెషిన్) అన్నావు కాబట్టి మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపురంగుకి తిరిగితే గ్యాస్ పూర్తిగా కాలడం లేదేమోనని అనుమానించు. బ్లోయర్ (గదుల్లోకి గాలి తోసే ఫ్యాన్) తిరగడం మొదలవగానే మంట అటూ ఇటూ ఊగితే హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే పొగని గదుల గాలిలో కలవనీయకుండా వేడిని మాత్రమే అందించే లోహపు భాగం, పగిలి ఉండొచ్చు. అలా పగిలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి వచ్చే ప్రమాదం ఉంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి వస్తే జలుబేమో అనుకుని పడుకుంటాం, అదీ భయం. పొగగొట్టం ప్రతి అడుగు పొడవుకి కనీసం పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ పోవాలి. కీళ్ల దగ్గర మసి, తుప్పు కనిపిస్తే వదలకు. ఎక్స్‌ఛేంజర్‌లో చాలా భాగం విప్పితే గానీ కనపడదు. అందుకే ఇల్లు పరీక్షించే ఇన్‌స్పెక్టర్ ‘చూసినంతలో బాగుంది’ అని రాసినా సరిపెట్టుకోకు. ఫర్నేస్ 15 ఏళ్లు దాటి ఉంటే టెక్నీషియన్‌ని విడిగా పిలిపించు, ఆ ఖర్చుకి వెనకాడకు. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ పెట్టించాలి.

ఇక నీళ్లు. ఏసీ నడుస్తుంటే లోపలి యూనిట్‌లో నీళ్లు చేరతాయి, అవి డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి. ఆ యూనిట్ అటక మీద ఉంటే దాని కింద ఇంకో ట్రే, నీళ్లు నిండితే మెషిన్‌ని ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉన్నాయా చూడు. ట్రేలో తుప్పు మరకలున్నాయంటే డ్రెయిన్ పైపు ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది. సీలింగ్‌కి ఒక్కచోటే కొత్త రంగు కొట్టి ఉంటే, నాకైతే అనుమానమే.

తర్వాత కరెంటు. ఏసీ బయటి యూనిట్‌కి అంటించిన వివరాల ప్లేటు మీద బ్రేకర్ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్) గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఉండొచ్చో రాసి ఉంటుంది. ఇంటి కరెంటు ప్యానెల్‌లో అంతకన్నా పెద్దది బిగించి ఉంటే మార్పించాల్సిందే.

కూలింగ్ పరీక్షకి థర్మామీటర్ చాలు. ఏసీ పావుగంట నడిచాక లోపలికి లాగే గాలికీ బయటికి వదిలే గాలికీ తేడా సుమారు 8 నుంచి 11 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. బయట 15 డిగ్రీల కన్నా చలిగా ఉన్న రోజు మాత్రం నడపొద్దు, కంప్రెసర్ దెబ్బతింటుంది. టన్నేజీ (ఏసీ చల్లబరిచే సామర్థ్యం) ఎక్కువని మురిసిపోకు. అవసరానికి మించినది గబగబా ఆగిపోతుంది, తేమ తగ్గదు.

లోపాలు బయటపడితే ‘మేమే బాగుచేయిస్తాం’ అంటారు. బిల్లు, టెక్నీషియన్ రిపోర్టు చేతికొచ్చాకే సంతకం పెట్టు. ప్లేటుకీ ప్యానెల్‌కీ ఫోటోలు తీసి నాకు పంపు, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
బాబాయి