మావాడు సర్వర్లు మార్చే పనిలో పడ్డాడు, మాన్పించి ఏఐ కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో ఏడాదిగా పనిచేస్తున్నాడు. కోడింగ్ లేదు. పాత సర్వర్ల మీదున్న వర్చువల్ మెషీన్లను కొత్త సర్వర్లకు, కొత్త స్టోరేజీకి మార్చే ప్రాజెక్టులో వేశారు. శని, ఆదివారాలు రాత్రంతా మేలుకుంటున్నాడు. ఆ మార్చడమేదో అయిపోతే ఉద్యోగం ఉంటుందా? ఏం పని అని బంధువులు అడిగితే చెప్పలేకపోతున్నాం. మాన్పించి, అప్పు చేసైనా ఏఐ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. రెండింటిలో ఏది మేలో చెప్పండి. (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

జవాబు: ఊరు, కోర్సు పేరు మారతాయి గానీ ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. మీరు అడిగింది ఏఐ గురించే అయినా, అసలు భయం పిల్లాడు వెనకబడిపోయాడేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను. వెనకబడలేదు. ధైర్యంగా ఉండండి.

మార్చడమంటే ఫైళ్లు కాపీ చేయడం అనుకుంటున్నట్టున్నారు. ఒక సర్వర్ మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు, నడుస్తుంటాయి. ఒకదాంట్లో ఆసుపత్రి బిల్లింగ్ ఉండొచ్చు, ఇంకోదాంట్లో జీతాల లెక్క. అవి ఆగకుండానే కొత్త సర్వర్‌కు వెళ్లాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే ఇల్లు మారడం లాంటిదది. ఈ వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ 2003లో తెచ్చిన వీమోషన్ అనే సదుపాయం చేసేది ఇదే. మెషీన్ మెమరీని ముందు కాపీ చేస్తుంది, ఆలోగా మారిన భాగాన్ని మళ్లీ కాపీ చేస్తుంది, చివరికి లిప్తకాలం ఆపి అవతల నడిపిస్తుంది.

ఇది తేలిక రకం. పాత సర్వర్‌లో ప్రాసెసర్ ఇంటెల్‌ది, కొత్తదాంట్లో ఏఎండీది అయితే అలా నడుస్తుండగా మార్చడం కుదరదు. ఆపి, మార్చి, మళ్లీ లేపాలి. వీఎంవేర్ నుంచి, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే కేవీఎం అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే వేదికకు వెళ్లేటప్పుడు, కొత్త చోట డిస్కును, నెట్‌వర్క్‌ను గుర్తుపట్టే వర్ట్‌ఐఓ డ్రైవర్లు విండోస్ మెషీన్‌లో ముందే సిద్ధం చేయకపోతే, అక్కడ బూట్ కాకుండా ఎర్రర్‌తో నీలం తెర చూపిస్తుంది. లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయి, ఐపీ అడ్రస్ పాత పేరుకే ఉండిపోతుంది. మెషీన్ నడుస్తూనే ఉంటుంది, బయటి నుంచి ఎవరికీ అందదు. స్టోరేజీకి రెండు దారులుంటే రెండూ పనిచేస్తున్నాయో లేదో ఒకదాన్ని కావాలని తెంపి చూడాలి. అన్నీ అయ్యాక కూడా పాత మెషీన్‌ను ఆపి ఉంచాలే తప్ప వెంటనే చెరిపేయకూడదు, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావాలి కదా. మీవాడు రాత్రిళ్లు చేస్తున్నది ఇలాంటి పని. నెట్‌వర్క్, స్టోరేజీ, ఆపరేటింగ్ సిస్టమ్, బ్యాకప్ నాలుగూ ఒకే ప్రాజెక్టులో చేతికి రావడం కొత్తవాళ్లకు అరుదు.

ఉద్యోగం ఉంటుందా అంటే, ఈ ప్రాజెక్టు అయిపోతుంది, ఈ పని అయిపోదు. సర్వర్లకు, స్టోరేజీకి తయారీదారుల సపోర్ట్ గడువు తీరుతూనే ఉంటుంది. పైగా వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కంపెనీ 2023 నవంబరులో కొన్నది. ఆ మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. వీఎంవేర్ ప్రధాన సాఫ్ట్‌వేర్ వీస్పియర్ ఏడో వెర్షన్‌కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 2తో ముగిసింది. దాంతో కొత్త వెర్షన్‌కు వెళ్లేవాళ్లు కొందరు, హైపర్-వీ, న్యూటానిక్స్, ప్రాక్స్‌మాక్స్ లాంటి పోటీ వేదికల వైపు చూసేవాళ్లు కొందరు. ఎటు వెళ్లినా మార్చే చేతులు కావాలి.

ఇక ఏఐ కోర్సు. ఏఐ మీద నాకు అనుమానం లేదు, ఆరు నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామనే ప్రకటనల మీద ఉంది. ఆ కోర్సులు చేసిన పిల్లల రెజ్యూమేలు చూస్తుంటాను. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చెప్పే ప్రాజెక్టు, ఇళ్ల ధరలు అంచనా వేసే ప్రాజెక్టు, అందరిదీ అదే వరస. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రాలో రెండు ప్రశ్నలు వేస్తే తలలు దించుకుంటారు. తప్పు పిల్లలది కాదు, పునాది వేయకుండా పైకప్పు అమ్మినవాళ్లది. ప్లేస్‌మెంట్ సాయం అని రాసిన చోట ఉద్యోగం గ్యారంటీ అని చదువుకుని అప్పు చేసిన తల్లిదండ్రులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి, రెజ్యూమేలో ఖాళీ పెట్టుకుని, ఈఎంఐ నెత్తిన వేసుకోవడం ఏ లెక్కన ముందడుగు? అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉంటే ఉద్యోగం చేస్తూనే పైథాన్, గణితం మొదలుపెట్టమనండి. ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. రెండు నెలలు వదలకుండా కూర్చోగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో బంధువులు ఉన్నారు, అప్పు ఉంది, అబ్బాయి ఏమంటున్నాడో మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ పని అతనికి నచ్చిందా? అడిగారా? ఏడాది పాటు రాత్రిళ్లు మేలుకుని నేర్చుకున్నదాన్ని, బంధువులకు చెప్పడానికి పేరు దొరకలేదని పారేయమంటారా? డేటా సెంటర్ ఇంజినీర్ అని చెప్పండి, సరిపోతుంది.

అతనికీ ఒక హెచ్చరిక. సీనియర్లు రాసిచ్చిన కాగితం చూసి బటన్లు నొక్కే దగ్గరే ఆగితే, ఆ నొక్కుడు పని టూల్స్ చేసేస్తాయి. లినక్స్ గట్టిగా పట్టాలి. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ సర్టిఫికెట్ పరీక్ష మంచిది, అందులో టిక్కులు పెట్టడం ఉండదు, మెషీన్ మీద పని చేసి చూపించాలి. తర్వాత పనులను స్క్రిప్టులతో వాటంతటవే జరిగేలా చేసే యాన్సిబుల్, పవర్‌షెల్, ఆపైన అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద నడిపించే కుబర్నెటిస్. మీరు లేదనుకున్న కోడింగ్ ఈ దారిలోనే వస్తుంది. ఇంకో ఏడాది గడిచినా వచ్చిన ఫిర్యాదుల టికెట్లు మూసే పనే ఇస్తుంటే కంపెనీ మారాలి, రంగం కాదు.

రాత్రి డ్యూటీ గురించి మీ బాధ న్యాయమైనదే. వారాంతం పనికి బదులు సెలవు ఇస్తున్నారా, షిఫ్ట్ అలవెన్స్ వస్తోందా, వరుసగా ఎన్ని వారాంతాలు వేస్తున్నారు అన్నవి అతను మేనేజర్‌ను అడగాల్సిన ప్రశ్నలు. మొహమాటపడొద్దనండి. ఆ జవాబులు వచ్చాక కూడా సందేహం మిగిలితే, ఈసారి ఉత్తరం అతన్నే రాయమనండి.