ఐదో రోజు వాంతులకు మత్తు మందు కారణం కాదు

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ల్యాపరోస్కోపీ చేసి తీసేశారు. మర్నాడే డిశ్చార్జి చేశారు. ఇవాళ్టికి ఐదో రోజు. నిన్నటి నుంచి నాలుగైదు సార్లు వాంతి చేసుకుంది. మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేస్తున్నాం. మత్తు మందు ఇంకా ఒంట్లో ఉండిపోయిందా? అల్లం రసం ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అల్లం సంగతి తర్వాత చూద్దాం. వాంతి ఏ రంగులో ఉందో మీరు రాయలేదు. నాకు ముందు కావలసింది అదే.

మత్తు మందు వల్ల వచ్చే వాంతులు చాలామందికి ఒక రోజులో, మహా అయితే రెండో రోజుకు తగ్గిపోతాయి. ఆడవాళ్లలో, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లలో ఇవి ఎక్కువ. సిగరెట్ తాగనివాళ్లలో కూడా ఎక్కువే (అలాగని ఎవరూ మొదలుపెట్టకండి). నాలుగో రోజు మొదలై ఐదో రోజుకూ ఆగని వాంతులను మాత్రం మత్తు మందు ఖాతాలో వేయలేం.

నొప్పికి రాసిన మాత్రల్లో ట్రమడాల్ ఉందేమో చూడండి. దానికి వికారం మామూలే, మీ సర్జన్ మార్చేస్తారు. నా టెన్షన్ వేరు. పిత్తరసం లోపల లీకవుతోందా, రాయి ఏదైనా పిత్తనాళంలోకి జారిందా, పేగులు కదలడం లేదా అన్నది తేలాలి. పసరు వాంతి, పొట్ట ఉబ్బడం, గ్యాస్ పోకపోవడం, జ్వరం, కళ్లు పచ్చబడటం, రోజురోజుకూ పెరిగే నొప్పి, వీటిలో ఒక్కటి ఉన్నా నోటికేమీ పెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏవీ లేకపోయినా ఈ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. ఆమెను చూడకుండా ఇంతకంటే గట్టిగా ఏమీ చెప్పలేను.

ఇక ఆ మెడికల్ షాపు మాత్రలు. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి. వాటి పేర్లు మీరు రాయలేదు. వాంతులు ఆపే ఓండాన్‌సెట్రాన్ అయితే మంచి మందే, ఆపరేషన్ థియేటర్లో మేమూ 4 మిల్లీగ్రాములు ఇస్తాం. కానీ దానితో మలబద్ధకం వస్తుంది. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకైతే ఈసీజీ చూడకుండా ఇవ్వకూడదు. వాంతులకే వాడే మెటోక్లోప్రమైడ్ సంగతి ఇంకొకటి. ఆ మాత్ర వేసుకున్న ఒకమ్మాయిని మెడ ఓ పక్కకు లాగేసి, దవడ బిగుసుకుపోయి ఉండగా మా ఓపీకి తెచ్చారు. పక్షవాతమని వాళ్ల నాన్న ఒకటే ఏడుపు. ఒక ఇంజెక్షన్‌తో సర్దుకుంది. అన్నీ అలా సర్దుకోవు. పైగా మాత్రతో వాంతి ఆగితే తగ్గిందనుకుని ఇంట్లోనే ఉండిపోతారు, లోపలి జబ్బు ముదురుతుంది. మీకు ఇప్పటికే ఒక రోజు పోయింది.

అల్లం రసం కారణం తేలాక, డాక్టరు సరేనంటే కొద్దిగా ఇవ్వండి. అది మందు కాదు. ఇంకోసారి ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే, ఈసారి ఇలా వాంతులయ్యాయని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

డిశ్చార్జి సమ్మరీతో పాటు వేసిన మాత్రల షీట్లన్నీ తీసుకెళ్లండి. షాపువాళ్లు నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మీరొచ్చి "చిన్న తెల్ల మాత్ర, డాక్టరుగారూ" అంటారు. చిన్న తెల్ల మాత్రలు వందలున్నాయమ్మా.